గట్టు మీద కూర్చుని చూసే మ్యాచ్‌లు: మన కాలేజీ టీముల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడు టీవీలో వచ్చే కబడ్డీ గురించి అడిగితే జవాబు చెప్పి, చివర్లో ఒక మాట అడిగాను. టీవీలో చూసేది సరే, మీ ఊరి కాలేజీ టీం మ్యాచ్ ఆఖరిసారి ఎప్పుడు చూశారు అని. ఆ ఒక్క మాటకి నెల్లూరు, కావలి, ఒంగోలు, కోవూరు, పొదిలి ఇట్టా అన్ని వైపుల నుంచీ ఉత్తరాలు, మెసేజీలు వచ్చిపడ్డాయి. ఇంతమంది మనసులో ఇది ఉందని నేను అనుకోలా, నిజంగా చాలా సంతోషమేసింది. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరికీ ఊరు మాత్రమే వేస్తున్నా.

ప్రశ్న: నేను డిగ్రీ సెకండియర్. మా కాలేజీ కబడ్డీ టీం యాడ ఆడినా పోతా. మా ఫ్రెండ్సంతా ఐపీఎల్, ప్రో కబడ్డీ బ్యాచ్. "ఎవరూ చూడని మ్యాచ్‌కి నువ్వొక్కడివే ఫ్యానా" అని ఏడిపిస్తా ఉన్నారు. నేను చేసేది టైం వేస్టా అన్నా? (కావలి)

కాదు తమ్ముడూ, అస్సలు కాదు. ఐపీఎల్ చూడొద్దని నేను చెప్పను, నేనూ చూస్తా, చెన్నై మ్యాచ్ ఉంటే మా ఇంట్లో కూడా టీవీ దగ్గర నుంచి ఎవరూ లేవరు. కానీ అదీ ఇదీ ఒకటి కాదు. టీవీలో రైడర్ కూతకి పోతే నీకు కెమెరా చూపించిందే కనిపిస్తది, కామెంటేటర్ అరిచిందే వినిపిస్తది. గ్రౌండు పక్కన నిలబడితే ఆ "కబడ్డీ కబడ్డీ" అనే కూత నీకు ఐదడుగుల దూరంలో వినిపిస్తది, వాడి ఊపిరి ఎప్పుడు తగ్గతా ఉందో, పదిహేను సెకన్లయ్యాక గొంతు ఎట్టా మారిపోతా ఉందో కూడా తెలుస్తది. అవతల కార్నర్‌లో ఉన్న పిల్లోడు పక్కోడి చెయ్యి పట్టుకుని ఉంటాడు చూడు, ఆ పట్టుకున్న వేళ్లు కదలడం చూస్తే చాలు, ఇప్పుడు కాలు అందుకోబోతున్నాడని నీకు ముందే అర్థమైపోతది. అదంతా టీవీలో యాడ కనిపిస్తది చెప్పు.

నేను 1991 నుంచి 94 దాకా నెల్లూరులో బీకాం చదివా. మా కాలేజీ టీం అప్పట్లో ఇంటర్ కాలేజియేట్ సెమీస్ ఆడింది మట్టి గ్రౌండులో. పొద్దున నీళ్లు చల్లి, సున్నంతో లైన్లు గీసి పెట్టారు. హాఫ్‌టైం అయ్యేసరికి బోనస్ లైనే కనపడలా, కాళ్ల కింద పడి మొత్తం చెరిగిపోయింది, పీడీ సారు, అంటే ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టరు, ఒక చేత్తో మగ్గు పట్టుకుని మళ్లీ సున్నం పోసుకుంటా పోతా ఉంటే రెండు టీముల వాళ్లూ "సార్ ఈడ రొంత లోపలికి సార్", "కాదు సార్ బయటికి సార్" అని వెనకాలే తిరిగారు. ఎందుకంటే అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు ఆ లైను దాటి కాలు పెడితేనే బోనస్ పాయింటు, నాలుగు వేళ్లంత అటో ఇటో అయితే మ్యాచే మారిపోతది. ముప్పై ఏళ్లు దాటినా ఆ మగ్గు, ఆ సున్నం, ఆ గొడవ నాకు నిన్నటి మాదిరి గుర్తున్నాయి. నేను టీవీలో చూసిన ఎన్ని ఫైనల్స్ అట్టా గుర్తున్నాయంటే చెప్పలేను.

ఇంకోటి. నువ్వు టీవీలో ఇష్టపడే రైడర్‌కి నువ్వెవరో తెలీదు, అది వాళ్ల తప్పేం కాదు. మీ కాలేజీ రైడర్ మాత్రం నీతో పాటు పొద్దున అదే బస్సులో వేలాడుకుంటా వచ్చినోడు, నీ రికార్డు తీసుకుని కాపీ చేసుకున్నోడు. వాడు కూతకి పోయేముందు ఒకసారి గట్టు వైపు చూస్తాడు చూడు, అక్కడ తెలిసిన ముఖం ఒకటి ఉండటానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉంది. అక్కడ ఉండేది నువ్వొక్కడివే అయితే, పోవాల్సిన అవసరం నీకు ఇంకా ఎక్కువ. ఈసారి ఆ ఏడిపించే వాళ్లలో ఒకడిని బండి మీద వెనకాల ఎక్కించుకుని పో.

ప్రశ్న: మాది ఒంగోలు. మా నాన్న, బాబాయిలు అందరూ నాగార్జున యూనివర్సిటీ వాళ్లు, ఇంట్లో ఆ టీములంటేనే అభిమానం. ఇప్పుడు నేను చదివేది ఆంధ్రకేసరి యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీ. రెండు టీములూ ఎదురుపడితే నేను ఎవరి వైపు?

ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఇది సరిగ్గా నా కథే. నేను చదివేటప్పుడు నెల్లూరు కాలేజీలన్నీ తిరుపతి శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ కిందే ఉండేవి. యూనివర్సిటీ సెలెక్షన్స్ అంటే పిల్లకాయలు తిరుపతి పోవాలి, టీంలో చిత్తూరోళ్లు, కడపోళ్లు, మనోళ్లు అందరూ కలిసి ఉండేవాళ్లు, వాళ్లు గెలిస్తే మనం గెలిచినట్టే. 2008లో మనకి విక్రమ సింహపురి యూనివర్సిటీ వచ్చింది, ఇప్పుడది కాకుటూరు దగ్గర హైవే పక్కనే ఉంది. మొదటిసారి ఎస్వీ యూనివర్సిటీ మనకి ఎదురు టీం అని తెలిసినప్పుడు నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది, పుట్టింటోళ్లతో పోటీ పడినట్టు. మీకు 2022లో ఒంగోలులో ఉన్న నాగార్జున పీజీ సెంటరే ఆంధ్రకేసరి యూనివర్సిటీ అయింది, కాబట్టి ఆ ఇబ్బంది మీకు ఇంకా కొత్తగా ఉంటది.

నా మాట చెప్తా. నాన్న వాళ్లు నాగార్జునని అభిమానించడంలో తప్పేం లేదు, అది 1976లో పెట్టిన యూనివర్సిటీ, మీ జిల్లా పిల్లకాయలు నలభై ఏళ్లకు పైగా ఆ జెర్సీ మీదే ఆడారు, ఆ గెలుపుల్లో మీ వాటా కూడా ఉంది. కానీ కొత్త టీంకి ఇంకా ఎవరూ లేరు కదా. పాత టీంకి అభిమానులు ఉన్నారు, కథలు ఉన్నాయి, "మా టైంలో" అని చెప్పుకోడానికి సీనియర్లు ఉన్నారు. మీ టీం జెర్సీ మీద ఉండేది టంగుటూరి ప్రకాశం పంతులు గారి బిరుదు, ఆయన పుట్టింది మీ ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో, జిల్లా పేరు కూడా ఆయనదే. మీ టీం మీ జిల్లా పేరు మోస్తా ఉంటే గట్టు మీద మీరు లేకపోతే ఇంకెవరుంటారు. నా లెక్కలో మీరు ఆంధ్రకేసరి వైపే. నాన్నని కూడా తీసుకుపోండి, ఆయన ఏ వైపు కూర్చున్నా పరవాలేదు, మ్యాచ్ అయ్యాక ఇద్దరూ కలిసి టీ తాగి రండి.

ప్రశ్న: అసలు యూనివర్సిటీ టీం అంటే ఎట్టా తయారవుతుంది? సౌత్ జోన్, ఆల్ ఇండియా అని పేపర్లో రాస్తారు, అర్థం కావడం లేదు. (కోవూరు)

ఇది చాలామంది అడిగారు. ముందు యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలన్నీ ఒకదాంతో ఒకటి ఆడతాయి, అది ఇంటర్ కాలేజియేట్. అక్కడ బాగా ఆడిన వాళ్లని సెలెక్షన్స్‌కి పిలిచి, కబడ్డీ అయితే పన్నెండు మందిని తీసుకుని కొన్నాళ్లు క్యాంపు పెడతారు. ఆ టీం సౌత్ జోన్‌కి పోతది. భారత విశ్వవిద్యాలయాల సంఘం అని ఒకటుంది, 1925లో పుట్టింది, అదే దేశాన్ని నాలుగు జోన్లు చేసి ఈ పోటీలు పెడతది. మన సౌత్ జోన్‌లో ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ అన్నీ వస్తాయి. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో లాంటి టీం గేమ్స్‌లో మొదట అంతా నాకౌటే, ఒక్కటి ఓడితే సంచి సర్దుకోవాలి. చివరికి నాలుగు టీములు మిగిలితే అవి లీగ్ ఆడతాయి, ఆ నాలుగూ ఆల్ ఇండియా ఇంటర్ జోనల్‌కి పోతాయి. అక్కడ మొదటి ఎనిమిదిలో ఉంటే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌కి దారి, అవి 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయి.

ఇంక దీంట్లో వయసు లెక్క కూడా ఉంది, ఇరవై ఐదు దాటితే ఆడనివ్వరు. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు అనుకుంటే ఒక పిల్లోడు మనకి కనపడేది ఎక్కువలో ఎక్కువ ఐదు సీజన్లు. ఈ ఏడాది పోదాంలే వచ్చే ఏడాది పోదాంలే అనుకునే లోపల వాడు ఆడటమే అయిపోతది.

ప్రశ్న: నిజం చెప్పండి సార్, మన టీములు ఎందుకు గెలవవు? ఎప్పుడు చూసినా సౌత్ జోన్‌లో మొదట్లోనే ఇంటికి వచ్చేస్తారు. అట్లాంటి టీంకి అభిమాని ఎట్టా అవ్వాలి? (నెల్లూరు, మాగుంట లేఅవుట్)

కోపంతో అడిగారు, ఆ కోపంలో ప్రేమ ఉంది కాబట్టి దాచకుండా చెప్తా.

దేశంలో ఆటల్లో అన్నిటికన్నా మంచి యూనివర్సిటీకి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ అని ఇస్తారు, 1950ల నుంచి ఇస్తున్నారు. అమృత్‌సర్‌లో గురునానక్ దేవ్ యూనివర్సిటీ అని ఉంది, అది పుట్టిందే 1969లో, కానీ ఆ ట్రోఫీ ఇరవైసార్లకు పైగా తీసుకుపోయింది. అంటే పాత యూనివర్సిటీ అయితేనే గెలుస్తది అనేది నిజం కాదు, పట్టుబట్టి చేస్తే అవుతది. ఇంకా దగ్గర ఉదాహరణ చెప్తా, కర్ణాటకలో మంగళూరు యూనివర్సిటీ అథ్లెటిక్స్‌లో ఆల్ ఇండియా ఛాంపియన్ అయిందంటే దాని వెనక మూడబిద్రిలో ఆళ్వాస్ అనే ఒకే ఒక్క కాలేజీ ఉంది, ఆ కాలేజీ అథ్లెట్లని తెచ్చి తిండి, హాస్టలు, చదువు అన్నీ చూసుకుంటది. ఒక కాలేజీ గట్టిగా అనుకుంటే మొత్తం యూనివర్సిటీ పేరే మారిపోయింది చూడండి.

మన దగ్గర ఏమవుతా ఉందంటే, చాలా కాలేజీల్లో ఫుల్ టైం పీడీ లేరు, ఎవరో లెక్చరర్‌కి ఆటల డ్యూటీ కూడా అప్పజెప్తారు. గ్రౌండు ఉంటే అందులో సగం పార్కింగు. ఇంటర్‌లో బాగా ఆడిన పిల్లకాయలని ఫ్రీ సీటు, ఫ్రీ హాస్టలు ఇచ్చి చెన్నై, బెంగళూరు వైపు ప్రైవేటు యూనివర్సిటీలు తీసుకుపోతున్నాయి, వాళ్లు పోవడం న్యాయమే, ఇంటి పరిస్థితి అట్టాంటిది. మిగిలినోళ్లని కూడదీసి పది పదిహేను రోజులు క్యాంపు పెడితే రైడర్‌కి కార్నర్ వాడి పేరు తెలిసేలోపల ట్రైన్ టైం అయిపోతది.

అన్నిటికన్నా నాకు బాధేసేది మ్యాట్ సంగతి. మనోళ్లు ఏడాదంతా మట్టిలో ఉత్త కాళ్లతో ఆడతారు. సౌత్ జోన్ ఆడేది సింథటిక్ మ్యాట్ మీద, బూట్లతో. మట్టిలో కాలు జారుతది, ఆ జారుడు మీదే మనోడు ఒళ్లు తిప్పుకోవడం నేర్చుకుని ఉంటాడు. మ్యాట్ మీద బూటు పట్టేసుకుంటది, అదే మలుపు అదే వేగంతో తిరిగితే పాదం ఆడనే ఉండిపోయి మోకాలు తిరుగుతది. ఒక ఏడాది టీం తిరిగొచ్చాక డిఫెన్సులో కవర్ ఆడే పిల్లోడి మోచేతులు చూశా, రెండు చేతులకీ చర్మం లేచిపోయి అరచేయంత ఎర్రగా ఉంది. "మట్టిలో పడితే గీసుకుంటదన్నా, మ్యాట్ మీద పడితే కాలతది" అన్నాడు. ఫోన్లో స్కోరు చూసి తిట్టేవాళ్లకి ఆ మోచేతులు కనపడవు. వాళ్లు ఆరేడు పాయింట్లతో ఓడారు ఆ మ్యాచ్, అవతల టీం వాళ్ల క్యాంపస్‌లోనే రెండు మ్యాట్లు ఉన్నాయంట. నా దృష్టిలో ఆ ఓటమికి మనం చప్పట్లు కొట్టాలి.

కాబట్టి కోపం ఉండాలి, కానీ అది ఆ పన్నెండు మంది మీద కాదు. పూర్వ విద్యార్థుల మీటింగ్ పెట్టుకుంటారు కదా ప్రతి ఏడాదీ, శాలువాలు, భోజనాలు అన్నీ ఉంటాయి, ఆ రోజు మైకు మీ చేతికొస్తే మన కాలేజీకి కబడ్డీ మ్యాట్ ఎప్పుడు అని అడగండి. మేం ఒక బ్యాచ్ వాళ్లం అట్టా అడిగి, చందాలేసుకుని, బూట్లు పన్నెండు జతలు కొనిచ్చాం. ఇంకా మ్యాట్ దాకా పోలా, పోతాం.

ప్రశ్న: మావాడు పొద్దున, సాయంత్రం గ్రౌండులోనే ఉంటాడు. వాలీబాల్ కాలేజీ టీంలో ఉన్నాడు. దీని వల్ల బతుకుతెరువు ఏమన్నా ఉందా? (పొదిలి నుంచి ఒక తండ్రి)

ఉందండీ, కానీ అందరికీ రాదు. రైల్వే, పోలీసు, పోస్టల్ లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉంటది, మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో ఆ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు కూడా. ఆల్ ఇండియా ఇంటర్ యూనివర్సిటీలో పతకం వస్తే దానికి మంచి విలువ ఉంది. ఊరి టోర్నమెంటులో వచ్చిన షీల్డుకి ఆ లెక్కలో విలువ లేదు, అది ముందే తెలుసుకోవాలి. ఆడిన ప్రతి మ్యాచ్ సర్టిఫికెట్ లామినేషన్ చేయించకుండా ఫైల్లో పెట్టించండి, వెరిఫికేషన్లో అవసరం పడతది. డిగ్రీ పాస్ అవ్వడం కూడా అంతే ముఖ్యమని మావాడికి చెప్పినట్టే మీవాడికీ చెప్తున్నా.

ఒక్క మాట మాత్రం అడగాలని ఉంది. మీరు ఉత్తరంలో ఉద్యోగం గురించే అడిగారు, మీవాడు నెట్ దగ్గర ఏం ఆడతాడు, సెట్టరా, ఎటాకరా, లిబెరోనా రాయలేదు. ఒకసారి పోయి చూడండి. మీరు వచ్చారని వాడికి చెప్పొద్దు, దూరంగా నిలబడి చూడండి. మగాళ్ల నెట్ 2.43 మీటర్లు ఉంటది, దాని పైకి ఎగిరి మీవాడు బాల్ కొట్టేటప్పుడు ఆ పిల్లోడేనా పొద్దున లేపితే లేవనివాడు అనిపిస్తది మీకు.

ప్రశ్న: నేను ఖోఖో ఆడతాను. మా మ్యాచ్‌లకి చూడ్డానికి ఎవ్వరూ రారు, అబ్బాయిల కబడ్డీకి మాత్రం కాలేజీ అంతా వస్తుంది. ఇప్పుడు యూనివర్సిటీ టీంకి సెలెక్ట్ అయ్యాను, ఇంట్లో బయట రాష్ట్రం పంపనంటున్నారు. ఏం చెయ్యను అన్నయ్యా? (నెల్లూరు దగ్గర ఒక ఊరు)

ముందు నీకు నా శుభాకాంక్షలు చెల్లెమ్మా. సెలెక్ట్ అవ్వడం చిన్న సంగతి కాదు.

ఇంట్లో విషయం. మీ పీడీ మేడమ్‌నో, లేకపోతే క్లాసులో నీకు దగ్గరగా ఉండే లెక్చరర్ మేడమ్‌నో ఒక ఆదివారం మీ ఇంటికి తీసుకురా. ఫోన్లో చెప్పించొద్దు, ఇంటికే రావాలి. అమ్మ పెట్టిన కాఫీ తాగి ఎదురుగా కూర్చుని చెప్తే వేరేగా ఉంటది. అమ్మాయిల టీంతో లేడీ మేనేజర్ పోతారని, ఏ ట్రైన్, ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు అన్నీ కాగితం మీద రాసి నాన్న చేతికి ఇవ్వండి, మేనేజర్ నంబరు కూడా అందులో ఉండాలి. టీంలో ఇంకో ఇద్దరు అమ్మాయిల తల్లిదండ్రులతో మీ వాళ్లని మాట్లాడించు. మా అక్క కూతురి విషయంలో ఇదే పని చేసింది, మా బావ అప్పటిదాకా ససేమిరా అన్నోడు స్టేషన్ దాకా వచ్చి పులిహోర పొట్లాలు టీమంతటికీ ఇచ్చిపోయాడు. పరీక్షలు, అటెండెన్స్ సంగతి కూడా ముందే ప్రిన్సిపాల్‌కి లెటర్ పెట్టి ఆన్ డ్యూటీ రాయించుకో, తిరిగొచ్చాక అడిగితే ఇబ్బంది పడతావు.

ఇంక చూసేవాళ్లు రారు అన్నావు, ఆ మాట చదివి నాకు కష్టమనిపించింది. ఇది పాఠకులందరికీ చెప్తున్నా, అమ్మాయిల ఖోఖో ఒక్కసారి దగ్గర నుంచి చూడండయ్యా. ఎనిమిది మంది ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుని ఉంటారు, తొమ్మిదో ఆమె తరుముతా ఉంటది. వీపు మీద చెయ్యి తగిలి "ఖో" అన్న మాట చెవిన పడేలోపలే కూర్చున్న పిల్ల లేచి మూడడుగులు పోయి ఉంటది, అంత వేగం. వరస చివర పాతిన పోల్ దగ్గర చూడాలి అసలు ఆట. తరిమే అమ్మాయి ఒక చేత్తో పోల్ పట్టుకుని ఒళ్లంతా గాల్లో వంచి, కాళ్లు ఈడ, చెయ్యి ఆడ, తప్పించుకునే అమ్మాయి జడ కొసని అందుకుందామన్నంత దగ్గరకి పోయి డైవ్ కొడతది. ఆ పిల్ల లేచేసరికి మోకాళ్ల నిండా మట్టి, ముఖం మీద నవ్వు. ఇది చూడకుండా ఇంట్లో కూర్చోవడం ఎట్టా కుదురుతా ఉందో నాకు అర్థం కాదు.

చెల్లెమ్మా, మీ తర్వాతి మ్యాచ్ మన జిల్లాలో ఎప్పుడుందో పత్రిక అడ్రసుకి రాయి. నేను, మా ఆవిడ, మా బ్యాచ్ వాళ్లు ఎంత లేదన్నా పదిమందిమి వస్తాం.

ప్రశ్న: క్రికెట్‌కి యూనివర్సిటీ మ్యాచ్‌లు ఉన్నాయా? ఎప్పుడూ వినలేదు. (సూళ్లూరుపేట)

భలేవారే, దేశంలో పాత టోర్నమెంట్లలో అది కూడా ఒకటి. యూనివర్సిటీల క్రికెట్‌కి ఇచ్చేది రోహింటన్ బారియా ట్రోఫీ, 1935లో మొదలైంది. గవాస్కర్ బొంబాయి యూనివర్సిటీకి ఆడి పైకొచ్చినోడే. జోన్ల మధ్య ఆడేదానికి విజ్జీ ట్రోఫీ అని పేరు, ఆ విజ్జీ మన తెలుగు నేల మీద విజయనగరం రాజకుమారుడే, 1936లో ఇంగ్లండు పోయిన ఇండియా టీం కెప్టెన్. మన నెల్లూరులో పుట్టిన అశ్విన్ హెబ్బార్ ఆంధ్రా టీంకి రంజీ ఆడాడు కదా, అట్టాంటి వాళ్లని చూసి మా ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వైపు పొద్దునే కిట్ బ్యాగులు వేసుకుని పోయే పిల్లకాయలు చాలామంది కనపడతారు. వాళ్లలో కొందరు రేపు యూనివర్సిటీ టీంలో ఉంటారు.

ప్రశ్న: మా కాలేజీ టీం ఫైనల్ ఓడిపోయింది. ఆఖరి రైడ్‌లో కెప్టెన్ దొరికిపోయాడు. కోపమొచ్చి మేమంతా స్టేటస్‌లు పెట్టాం, వాడి ఫోటో మీద రాసి. ఇప్పుడు వాడు కాలేజీకే రావడం లేదు. అభిమానం ఉంటేనే కదా కోపం వస్తుంది, మాది తప్పంటారా? (ఒంగోలు)

తప్పే నాయనా. నేను కూడా ఆ తప్పు చేసినోడినే కాబట్టి గట్టిగా చెప్తున్నా.

ఇందాక చెప్పిన ఆ సెమీస్‌లో మేం ఓడిపోయాం. ఆఖర్లో ఒక్క పాయింటు వెనకున్నాం. ఆఖరి కూతకి మా రైడర్ పోయాడు, అవతల ముగ్గురే ఉన్నారు, ఒక్కడిని తాకి వస్తే సమానం. కుడి కార్నర్‌లో ఉన్నోడు చీలమండ పట్టేశాడు, మిగతా ఇద్దరూ మీద పడ్డారు, మధ్య గీత జానెడు దూరంలో ఉంది, మావాడి చెయ్యి దాని కోసం మట్టిలో పాకతా ఉంది, విజిల్ కొట్టేశారు. నేను గట్టు మీద నుంచి గట్టిగా అరిచా. ఏమని అరిచానో ఈడ రాయను, అమ్ముడుపోయాడనే అర్థం వచ్చే మాట. నాతో పాటు ఇంకో పదిమంది అందుకున్నారు.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకి మద్రాసు బస్టాండులో మా ఊరి బస్సు కోసం నిలబడి ఉంటే, బెంచీ మీద వాడు కనపడ్డాడు. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది సంచి మీద పెట్టుకున్నాడు, ఆ కాలు ఎంత వాచిందంటే చెప్పు ఎక్కలా, తడి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు. టీం వాళ్లంతా అటు వైపు బస్సులు ఎక్కిపోయారంట. నేను తప్పించుకుని పోదామనుకున్నా, వాడే చూసి "అన్నా, మీరు ఇందాక మ్యాచ్‌కి వచ్చారు కదా" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది, నా అరుపు విన్నాడనుకున్నా. వాడు విన్నాడో లేదో నాకు ఈరోజుకీ తెలీదు. "మన కాలేజీ నుంచి ఎవరూ రారనుకున్నామన్నా, మిమ్మల్నందరినీ చూసి మాకు చాలా ధైర్యమొచ్చింది, థాంక్సన్నా" అన్నాడు. అంతే అన్నాడు. నేను వాడి బస్సు వచ్చేదాకా ఆడే కూర్చుని, వాడిని మోచెయ్యి పట్టుకుని ఎక్కించి, నా బస్సు పోగొట్టుకున్నా.

మీ కెప్టెన్ ఇల్లు యాడో మీలో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటది. స్టేటస్‌లు తీసేస్తే సరిపోదు, ఆ స్టేటస్ పెట్టినోళ్లందరూ కలిసి వాడింటికి పోండి. ఫోన్ చెయ్యొద్దు. సారీ ఎట్టా చెప్పాలో తెలీకపోతే ఏం చెప్పొద్దు, రేపు ప్రాక్టీసుకి రారా అని పిలవండి చాలు. వాడు రానంటే మర్నాడు మళ్లీ పోండి.

ప్రశ్న: నాకు పోవాలని ఉంది, కానీ మ్యాచ్‌లు ఎప్పుడు ఎక్కడ జరుగుతాయో ఎట్టా తెలుస్తుంది? పోతే ఏం తీసుకుపోవాలి? (ఆత్మకూరు)

ఎక్కువగా దసరాకి అటూ ఇటూ ఇంటర్ కాలేజియేట్ మొదలై, సంక్రాంతి లోపల చాలా ఆటలు అయిపోతాయి. పేపర్లో జిల్లా పేజీలో మూలన చిన్నగా వేస్తారు, మ్యాచ్ అయిపోయాకే ఎక్కువ వేస్తారు. దానికన్నా మీ దగ్గర కాలేజీకి పోయి పీడీ సార్‌ని అడగండి. మీరు ఆట చూడ్డానికి వస్తామని అడిగితే ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టి చెప్తాడు, ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు.

తీసుకుపోవాల్సింది పెద్దగా ఏం లేదు. ఎండకి తువ్వాలు, తాగడానికి నీళ్లు. కుదిరితే డజను నిమ్మకాయలు, ఉప్పు, చక్కెర, ఒక గ్లూకోజు ప్యాకెట్టు, రెండు కిలోల ఐసు థర్మాకోల్ డబ్బాలో. ఐసు ఎక్కువే తీసుకుపోండి, నీళ్లలోకి కొంచెం చాలు, మిగతాది ఎవరి కాలికో అవసరం పడతది. అవతల టీం పిల్లోడి కాలైనా సరే ఇవ్వండి, వాడిదీ పక్క ఊరే.